నూతి పక్క పనస

మా ఆమదాలవలసలో రిటైరైన టీచర్లకి ఒక సంఘం ఉంది. ఏడాదికోసారి బస్సు మాట్లాడుకుని ఎక్కడికో ఒకచోటికి వెళ్ళొస్తాం. పులిహోర డబ్బాలు, మోకాళ్ళ నొప్పుల మాత్రలు, చచ్చిపోయిన హెడ్మాస్టర్ల మీద చాడీలు, అన్నీ మాతోపాటే బస్సెక్కుతాయి. ఈసారి ఎక్కడికని నేను అడగలేదు. బస్సు బొబ్బిలి రోడ్డు దిగి, మట్టిదారి పట్టి, రెండు పాత ఇటిక స్తంభాల మధ్య నుంచి లోపలికి వెళ్తుంటే ఎక్కడికొచ్చామో తెలిసిపోయింది. ఒక స్తంభం మీద సున్నంతో చేసిన సింహం ఉంది. రెండోదాని మీద సింహం కాళ్ళు మాత్రమే ఉన్నాయి. మిగతా సింహం నా చిన్నప్పుడే పడిపోయింది. పక్కన కొత్త బోర్డు: ప్రకృతి వనం, పక్షుల రక్షిత ప్రాంతం, సందర్శకుల కేంద్రం, ప్లాస్టిక్ తేరాదు. నా పక్కన కూర్చున్నావిడ "ఎవరో జమీందార్ల తోటటండీ, ఎంత బాగుందో" అంది. "అవునట" అన్నాను. నేను పుట్టి పెరిగింది ఇక్కడేనని చెప్తే సాయంత్రం దాకా అందరికీ అన్నీ వల్లించాలి. అంత ఓపిక నాకెక్కడిది.

మా నాన్న ఆ తోటకి మేనేజరు. పేరు గొప్పే గానీ, పని మాత్రం నూతిలో నీళ్ళు ఎంత దిగాయో చూసుకోవడం, కోతుల్ని తోలించడం, దివాణం వాళ్ళకి పళ్ళ బుట్టలు పంపించడం. అప్పటికే ఎస్టేట్లు పోయి చాన్నాళ్ళయింది. కొండల వైపు నక్సలైట్ల గొడవలు మొదలయ్యాక దివాణం వాళ్ళు తోటకి రావడం కూడా మానేశారు. తోట మధ్యలో నీళ్ళు చిమ్మని ఫౌంటెనూ, అద్దాలు పగిలిన గాజుగదీ, దొరల కోసం కట్టిన బంగళా ఉండేవి. వాటన్నిటికీ వెనకాల, నూతికి ఇవతల, పెంకుటింట్లో మేం ఉండేవాళ్ళం. తోట మాదే అనుకునేవాళ్ళం, అంత పిచ్చివాళ్ళం. ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు. మా వంటిల్లు ఉన్నచోట టిక్కెట్ల కిటికీ పెట్టారు. లైన్లో నిలబడి, మా వంటింట్లోకి నేనే టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాను. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగేసి చిల్లర తీసుకున్నాను.

ఆ ఇంటి వాసనలు ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు. తెల్లారేసరికి నూతి దగ్గర తడి ఇటిక వాసన, ఎండెక్కాక రాలిన మామిడాకు మాగిన వాసన, సాయంత్రానికి పొగడపూల వాసన. వీటన్నిటి మీదా మా మామ్మ నూరిన ఆవాల ఘాటు. మామ్మ అంటే నాన్న తల్లి. మనిషి పొట్టి, మాట గట్టి. చలికాలం వెళ్తూ ఉండగా పనస పిందెలు వెయ్యడం ఆలస్యం, చేతులకి నూనె రాసుకుని, కాళ్ళు బారజాపుకుని, పెద్దకత్తితో పొట్టు కొట్టడం మొదలెట్టేది. టకటకటకా ఒకే దరువు. ఆ పొట్టు ఉడకబెట్టి, ఆవ పెట్టి, ఎండుమిరపకాయల పోపు వేస్తే, నూతి దగ్గర బట్టలుతుకుతున్న మా అమ్మకి కూడా తుమ్ములొచ్చేవి. మామ్మకి తోటలోని ప్రతి చెట్టుతోనూ చుట్టరికమే. కాసేవాటిని కోడళ్ళలా చూసేది. కాయనివాటిని తిట్టేది కూడాను. "ఎండిపోయినట్టు నిలబడ్డావేటే? నీళ్ళు పొయ్యట్లేదేటి నీకు?" అని ఒక బత్తాయి మొక్కని రోజూ నిలదీసేది.

మా అప్ప, అంటే మా అక్క, పేరు పార్వతి. నాకంటే అయిదారేళ్ళు పెద్దది. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి తగ్గిందిగానీ, వెళ్తూ వెళ్తూ గుండెని పాడుచేసి పోయింది. నాలుగడుగులు గట్టిగా వేస్తే ఆయాసం. బడి దూరమని మాన్పించేశారు. నేను బళ్ళోంచి వచ్చి బళ్ళో సంగతులు చెప్తుంటే, మంచం మీద వెల్లకిలా పడుకుని వింటూ, నేను కల్పించి చెప్పిన చోటల్లా "అదబద్దం" అని పట్టేసుకునేది. అప్పకి కోపం రాదు. జాలి పడితే మాత్రం ఒళ్ళు మండేది. చుట్టాలెవరైనా వచ్చి "అయ్యో పాపం" అన్నారో, దుప్పటి మొహం మీదికి లాక్కుని, వాళ్ళు వెళ్ళేదాకా తీసేది కాదు.

బంగళా వెనకగదిలో ఒక వీణ మాష్టారు ఉండేవారు. ఒకప్పుడు దివాణంలో వాయించినాయన. వాయించమని అడిగేవాళ్ళు పోయినా ఆయన మిగిలిపోయారు. ఆ గది మా ఇంటికి దగ్గరే కాబట్టి అప్ప నెమ్మదిగా నడిచి వెళ్ళి గుమ్మంలో కూర్చుని వినేది. కొన్నాళ్ళకి ఆయనే లోపలికి పిలిచి, ఒళ్ళో వీణ పెట్టారు. ఆ వేళ నేనక్కడే ఉన్నాను. మా అప్పకి ఆయాసం లేకుండా చేయగలిగే పని ఒకటి లోకంలో ఉందని మాకందరికీ ఆవేళే తెలిసింది. కూర్చోవాలి, వేళ్ళు కదపాలి, అంతేగా. ఏడాది తిరక్కుండా అప్ప వాయిస్తుంటే మాష్టారు కళ్ళు మూసుకుని వినేవారు. తప్పు పోయినప్పుడు మాత్రం కళ్ళు తెరిచేవారు. "ఈ గుంటకి సరస్వతి ఒంట్లో ఉన్నాది. గాలే సాల్లేదు" అని ఒకసారి నాన్నతో అన్నారు.

ఆ మాష్టారికి పెద్దతనం మీద పడింది. కూతురు వచ్చి తనతో తీసుకుపోతానంది. మాష్టారితోపాటు వీణా వెళ్ళిపోయింది. మా అప్ప ఆ రోజు అన్నం తినలేదు. అలిగింది కాదు, ఏడ్చిందీ కాదు. కుడిచేతి వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూస్తూ కూర్చుంది. మర్నాడు నాన్న దగ్గరికెళ్ళి, "నానా, నాకొక వీణ కావాల" అంది. అప్ప నోరు తెరిచి ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదలు. ఆ వీణ మా ఇంటికి రానే లేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

వీణ కొనే తాహతు మాకు లేదు. కానీ బొబ్బిలి వీణకి కావలసింది పనస మాను. పనస చెట్లు మా తోటలోనే ఉన్నాయి. నాన్న దివాణానికి వెళ్ళి అడిగారు. కావలసిన చెట్టు కొట్టించుకోమన్నారు. బొబ్బిలి నుంచి గురవయ్య అనే వడ్రంగి వచ్చాడు. తరతరాలుగా వాళ్ళింట్లో అదే పని. ఆయన తోటంతా తిరిగి, ఒక్కో పనస దగ్గరా ఆగి, వేలి కణుపుతో మానుని కొట్టి, చెవి ఆనించి వినేవాడు. కొన్ని డొల్ల. కొన్ని లేత. చివరికి నూతి పక్కనున్న పెద్ద పనసని కొట్టి, తల పంకించి, మళ్ళీ కొట్టాడు. అప్ప ఊరుకోలేదు. చెట్టుకి అవతలి పక్కకి వెళ్ళి, చెంప మానుకి ఆనించి, "మళ్ళీ కొట్టు బాబూ" అంది. ఆయన కొట్టాడు. అప్ప మొహం నాకు కనిపిస్తూనే ఉంది. "ఇనిపించింది" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ మాట అన్నప్పుడు మా అప్ప ఎంత అందంగా ఉందో చెప్పడం నా వల్ల కాదు.

"ఇప్పుడు కొట్టీసినామంటే ఎండలకి మాను ఆరతాది. వానలకి ముందే వీణ సేసి బుగత సేతిలో ఎట్టీస్తాను" అన్నాడు గురవయ్య. బుగతంటే మా నాన్నే. సరేననుకున్నారు. మర్నాడు గొడ్డళ్ళతో మనుషులొచ్చారు. అప్పుడు మామ్మ చీపురు కింద పడేసి వచ్చి చెట్టుకి అడ్డంగా నిలబడింది. చెట్టు మొదలు నుంచి కొమ్మల దాకా బొడిపెలు బొడిపెలుగా పిందెలు పట్టి ఉన్నాయి. "కాపు మీదున్న సెట్టు కడుపుతో ఉన్నదాంతో సమానం. దాన్ని కొడతారేట్రా? ఇంట్లో జబ్బుపిల్లని ఎట్టుకుని?" అంది. మా అమ్మ ఉండబట్టలేక, "మరి పిందెలు కోసి రోజూ కూర వండతన్నారు కదా అత్తా" అంది. మామ్మ తడుముకోలేదు. "కాయ కోస్తే సెట్టుకి బరువు దిగతాది. మొదలు కొడితే ఏటి దిగతాది, ఉసురు తగులతాది. నా మనవరాలికి ఆ ఉసురు తగలనిస్తానేటి?" అంది. అదీ ఆవిడ బాధ. అప్పమీద ప్రేమతోనే ఆ చెట్టుకి అడ్డంగా నిలబడింది. కాయలన్నీ దిగాక కొట్టుకోమంది. కాయలు దిగేసరికి వానలు పడతాయి, మాను ఆరదు, ఇంకో ఏడాది ఆగాల్సొస్తుందని గురవయ్య నచ్చచెప్పబోయాడు. "ఆగుతాది. వచ్చే యేడు వాయించుకుంటాది. పిల్ల ఎక్కడికెల్లిపోతాదేటి?" అంది మామ్మ.

నాన్న నోరు తెరిచి మూసుకున్నారు. నేను చూశాను. అంతకు కొద్దిరోజుల ముందే అప్పని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి చూపించి తీసుకొచ్చారు. డాక్టరేం చెప్పాడని అమ్మ అడిగితే, "బలానికి మందులిచ్చినాడు" అని ఊరుకున్నారు. ఆవేళ చెట్టు దగ్గర కూడా ఊరుకున్నారు. తల్లి మాట జవదాటని మనిషి కాబట్టి ఊరుకున్నారని మేమందరం అనుకున్నాం. గొడ్డళ్ళవాళ్ళు చుట్టలు కాల్చుకుని వెళ్ళిపోయారు. గురవయ్య వెళ్తూ వెళ్తూ అప్ప తల మీద చెయ్యి వేసి, "వచ్చే యేడు తప్పకండా సేస్తాను తల్లీ" అన్నాడు. అప్ప "అలాగే" అంది. అప్ప మొండికేసి, నాలుగు రోజులు అన్నం మానేసి ఉంటే మామ్మ కరిగేదేమో. కానీ అప్ప అలాంటిది కాదు. మామ్మ చేతుల్లోనే పెరిగింది. మామ్మని బాధపెట్టి తెచ్చుకున్న వీణ తనకి వద్దనుకుని ఉంటుంది.

ఆ ఎండాకాలం అప్ప ఏం చేసిందంటే, మామ్మ కూర్చుని పొట్టు కొట్టే పొడుగు పీట అడిగి తీసుకుంది. దాని మీద బొగ్గుతో అడ్డంగా గీతలు గీసింది. అవి మెట్లు. నిలువుగా గీసినవి తీగలు. రోజూ మధ్యాహ్నం, గాలి ఆడక అందరూ నూతి గట్టున చేరినప్పుడు, ఆ పీట ఒళ్ళో పెట్టుకుని వాయించేది. చప్పుడేం వస్తుంది, గోరు గీసుకున్న చప్పుడు తప్ప? అయినా తప్పు వేలు పడితే తనకి తెలిసిపోయేది. నాలిక కరుచుకుని మళ్ళీ మొదటికి వచ్చేది. చెమటకి బొగ్గు చెరిగిపోతే నేను మళ్ళీ గీసిచ్చేదాన్ని. మామ్మ ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుతూ, "ఏటి వాయిస్తన్నావే?" అని అడిగేది. అప్ప చెప్పేది. "బాగున్నాది. మళ్ళీ వాయించు" అనేది మామ్మ. నవ్వులాటగా అనేది కాదు, నిజంగానే వినేది. వాళ్ళిద్దరి తలల మీదా ఆ పనస కాయలు రోజురోజుకీ లావెక్కుతూ ఉండేవి. నాకు ఆ కాయల్ని చూస్తే కసిగా ఉండేది. ఎప్పుడు దిగిపోతాయా అని రాళ్ళు కూడా విసిరాను.

కాయలు దిగాయి, వానలు పడ్డాయి. శ్రావణమాసంలో ఒక ముసురు పట్టిన పొద్దున, అమ్మ పాలు తెచ్చి లేపబోతే అప్ప లేవలేదు. పీట మంచం పక్కనే గోడకి ఆనించి ఉంది. ఇంతకంటే నేను రాయలేను.

పన్నెండో రోజు వెళ్ళి చుట్టాలంతా సర్దుకున్నాక, వరండాలో మేం నలుగురమే మిగిలాం. వాన చూరు మీంచి కారుతోంది. మామ్మ తనలో తను గొణుక్కుంటోంది. సెట్టు ఉసురు తగలకూడదనీసి సూసినాను, పిల్ల ఉసురే పోసుకున్నాను, అని అదే మాట పొద్దుటి నుంచీ. నాన్న వినలేకపోయారు. "నీదేం లేదమ్మా. నాకు తెల్సు. పిల్ల ఈ వానలు దాటదని ఆ డాక్టరు అప్పుడే సెప్పీసినాడు" అన్నారు.

మామ్మ గొణగడం ఆపేసింది. "తెల్సి ఊరుకున్నావా?" అంది.

"ఇంట్లో అలాటి మాట నోటంట ఎలా అనమంటావు? తథాస్తు దేవతలు ఇంటారని సిన్నప్పటి నుంచీ నువ్వే కదా సెప్పినావు. అంటే అదే జరగతాదేమోనని బయమేసింది. అనకపోతే జరగదేమోననుకున్నాను."

మామ్మ నాన్న దగ్గరికి జరిగింది. తర్వాత, ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు, "నా సెవిలోనైనా సెప్పకూడదేట్రా నాయనా" అంది. "ఒక్క ముక్క సెప్పుంటే, ఆ గొడ్డలి నానే అందించీదాన్ని కదరా."

నాన్న ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చారు. మామ్మ ఆయన వీపు నిమురుతూనే ఉంది గానీ, కళ్ళు మాత్రం నూతి వైపు ఉన్నాయి. ఎవరిది తప్పని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. తేలలేదు. చెట్టుకి హాని చేయకూడదని ఒకరు, మాటతో హాని చేయకూడదని ఇంకొకరు. మా ఇంట్లో అందరూ మంచివాళ్ళే. ఆ మంచితనం మధ్య నలిగి మా అప్ప కోరిక పోయింది. ఒక్కోసారి వాళ్ళమీద పట్టరాని కోపం వస్తుంది. ఎవరిమీద చూపించను? అందరూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత మామ్మ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో పనసపొట్టు చప్పుడు లేదు, ఆవ ఘాటు లేదు. చెట్టు మాత్రం సిగ్గులేకుండా ఏటేటా కాసింది. పళ్ళు నేల మీద పడి పగిలి, తియ్యటి వాసన ఇల్లంతా కొట్టేది. మామ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నూతికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకునేది. కొట్టించమని నాన్న ఎవరికీ చెప్పలేదు, మామ్మా చెప్పలేదు. మామ్మ పోయాక నాన్న ఆ కొలువు వదిలేశారు, మేం తోట విడిచి వచ్చేశాం.

మొన్న ఆ సందర్శకుల కేంద్రంలో మా వాళ్ళందరినీ గాజుగది ఉండే చోట కట్టిన హాల్లో కూర్చోబెట్టి పక్షుల సినిమా వేశారు. ఆకుపచ్చ యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి, ఆ పక్క పల్లెదే, ముందుగా మాకు అన్నీ చెప్పింది. కొంగలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయట. పక్షులు గూళ్ళు పెట్టే రోజుల్లో ఇక్కడ ఆకు కూడా తెంపనివ్వరట. ఎండు కొమ్మ కొట్టినా నేరమేనట. మా మామ్మ మాట ఇన్నాళ్ళకి చట్టమైంది. వినడానికి ఆవిడ లేదు. ఉంటే సంతోషించేదో, తల బాదుకునేదో నాకు తెలీదు. నేను సినిమా చూడకుండా బయటికొచ్చి నూతిని వెతుక్కుంటూ వెళ్ళాను. నూతికి ఇనప జల్లెడ మూత వేశారు. పక్కన చెట్టు లేదు. ఉండాల్సిన చోట ఆకాశం కనిపిస్తోంది.

వెనక్కి వచ్చి ఆ హాలు వరండాలో ఉన్న పెద్ద బల్ల మీద కూలబడ్డాను. పసుపు పచ్చని చెక్క, ఒకటే మాను నుంచి తీసింది, మంచి నునుపు తేలింది. గోడకి చిన్న కాయితం అంటించి ఉంది: తుఫానుకి కూలిన పనస చెట్టుతో చేసిన బల్ల. ఆ అమ్మాయి అటు వస్తే అడిగాను, ఎక్కడుండే చెట్టని. "నూతి పక్కనుండీదండి. మాం సిన్నప్పుడు దొంగతనంగా పళ్ళు కోసుకునీవోళ్ళం. కాపు మీదుండగానే పడిపోనాది, పాపం" అంది. సరే అన్నాను. ఆమె లోపలికి వెళ్ళింది. మా అప్పకి చివరికి దక్కింది ఒక పీట. ఆ చెట్టు కూడా చివరికి ఒక బల్లే అయింది.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకుని, ఒంగి, చెవి బల్లకి ఆనించాను. నడుం పట్టేసింది. వేలి కణుపుతో, గురవయ్య కొట్టినట్టే, ఒకసారి కొట్టాను. నాకు ఈమధ్య ఎడమ చెవి సరిగా వినబడదు. కుడి చెవి మార్చి మళ్ళీ కొట్టాను. లోపలి నుంచి వచ్చింది ఆ మోత, నిండుగా, ఎక్కడా పగలకుండా, చాలాసేపు నిలబడి మెల్లగా తగ్గింది. నా కన్నీళ్ళు చెక్క మీద పడ్డాయి. కొంగుతో తుడిచాను, బల్లని ముందు, మొహం తర్వాత.

"ఏటమ్మా, ఏటైనా పడిపోనాదా?" అంటూ ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది.

"లేదమ్మా. వీణకి పనికొచ్చే మానేనా అని చూస్తున్నాను."

"పనికొస్తాదేటండి?"

ఆమదాలవలస టీచరమ్మ పుస్తకాల భాష అప్పటిదాకా నాకు బాగానే నిలబడింది. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం నా నోట్లోంచి మా ఇంటి మాటే వచ్చింది.

"పనికొచ్చీదమ్మా" అన్నాను.